చెరసాలకు వెలుపల

మిత్రుడు చెరసాలలో ఉన్నపుడు వెలుపల ఉన్నవాని ధర్మమేమి? నీతికారులు బంధుత్వానికి పెట్టిన పరీక్షాస్థలాలలో రాజద్వారం ఒకటి, శ్మశానం మరొకటి. ఆ రెండు చోట్లా తోడు నిలిచినవాడే ఆత్మీయుడని లోకం ఒప్పుకున్నది. అయితే అక్కడ నిలువవలసిన కాలం స్వల్పం. రాజద్వారంలో తీర్పు కొద్ది దినాలలో వెలువడుతుంది. శ్మశానంలో మంట ఒక రాత్రితో చల్లారుతుంది. దీర్ఘకాలపు చెర అట్టిది కాదు. అక్కడ తోడు నిలవటానికి చోటే ఉండదు. తలుపు మూసుకున్న తరువాత లోపలివాడు లోపల, వెలుపలివాడు వెలుపల. వెలుపలివానికి వేళకు ఆకలి వేస్తుంది, రాత్రి అయితే నిద్ర పడుతుంది, ఇంట పెండ్లిండ్లు జరుగుతాయి, ఏండ్లు గడుస్తాయి. ఈ గడవటమే అతనికి ఒక అపరాధం వలె తోస్తుంది. అతడు ఏ తప్పూ చేయలేదు. అయినా అన్నం ముందు కూర్చున్నపుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగటానికి అర్థమేమి?

1910 అక్టోబరు 22వ తేదీన బర్మాదేశంలోని మాండలే కారాగారానికి ఒక న్యాయవాది వచ్చాడు. పేరు గణేశ శ్రీకృష్ణ ఖాపర్డే. అమరావతి నివాసి; కృష్ణాతీరపు అమరావతి కాదు, విదర్భలోనిది. సంపాదనలోను, ఖర్చులోను, అతిథులకు పెట్టటంలోను పెద్ద చేయిగా పేరు మోసినవాడు. వయస్సు 56 ఏండ్లు. రెండేండ్లకు పైగా ఇల్లు విడిచి లండనులో ఉండి, తిరుగుప్రయాణంలో ఇంటికి చేరకముందే రంగూను మీదుగా ఇక్కడికి వచ్చాడు. లోపల ఉన్నవాడు ఆయనకంటె రెండేండ్లు చిన్న. బాల గంగాధర తిలక్. ఖాపర్డే లండను వెళ్ళినది ఈ మిత్రుని శిక్షపై ప్రీవీ కౌన్సిలులో అప్పీలు కోసమే. అది ఫలించలేదు. కాబట్టి మాండలే వచ్చేటపుడు ఆయన చేతిలో ఏమీ లేదు. కొన్ని వేల మైళ్ళు తిరిగి, రెండేండ్లు వెచ్చించి, ఒక మనిషి తన మిత్రుని వద్దకు వట్టి చేతులతో వచ్చాడు. ఆనాడు వారేమి మాట్లాడుకున్నారన్నది ఊహించి ప్రయోజనం లేదు. అధికారుల ఎదుట జరిగే సంభాషణలో పెదవులు చెప్పేది తక్కువే.

ఆ శిక్ష కథ అందరికీ తెలిసినదే అయినా కొన్ని వివరాలు ఇక్కడ అవసరం. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో బాంబు పేలింది. దానిపై ‘కేసరి’లో వచ్చిన వ్యాసాలకు గాను తిలక్‌ను జూన్ 24న బొంబాయిలో నిర్బంధించారు. జూలైలో విచారణ. తన పక్షాన తానే వాదించుకున్నాడు. ఆ వాదన 21 గంటలు సాగింది. 9 మంది జూరర్లలో 7గురు నేరస్థుడన్నారు, ఇద్దరు కాదన్నారు. జూలై 22 రాత్రి జస్టిస్ దావర్ 6 ఏండ్ల ప్రవాసశిక్ష, 1000 రూపాయల జరిమానా విధించాడు. ఈ దావరే 1897 నాటి రాజద్రోహం కేసులో న్యాయవాదిగా తిలక్ జామీను కోసం వాదించినవాడు. మనుషులు కూర్చునే ఆసనాలు మారినపుడు మాటలు ఎట్లా మారుతాయో చెప్పటానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. బొంబాయి మిల్లు కూలీలు శిక్షాకాలంలోని ఒక్కొక్క ఏటికి ఒక్కొక్క దినం చొప్పున 6 దినాలు పని మానారు. తరువాత ప్రవాసశిక్షను సాధారణ కారాగారవాసంగా మార్చి ఆయనను మాండలేకు పంపారు. అదే ఏట ఆంధ్రదేశంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసానికి చెరసాల పాలైనాడు. దేశమంతటా ఆ ఏడు ఎన్నో ఇండ్లలో ఒక పీట ఖాళీ అయింది.

తిలక్‌కు చెర కొత్త కాదు. 1882లో కొల్హాపూరు సంస్థాన వ్యవహారానికి సంబంధించిన పరువునష్టం కేసులో ఆయనా, గోపాల గణేశ ఆగర్కరూ కలిసి బొంబాయి డోంగ్రీ జైలులో 101 దినాలు గడిపారు. ఆగర్కర్ ఆ దినాల గురించి తరువాత ఒక పుస్తకమే వ్రాశాడు. ఇద్దరూ పాతికేళ్ళ పడుచువారు. ఒకే కష్టాన్ని ఇద్దరు పంచుకున్నపుడు అందులో ఏదో ఉల్లాసం కూడా ఉంటుంది. అది స్నేహానికి బరువు కాదు, ఎరువు. విచిత్రమేమంటే, జైలు విడదీయలేకపోయిన ఆ ఇద్దరినీ వెలుపలి స్వేచ్ఛ విడదీసింది. సంఘసంస్కారం ముందా, స్వరాజ్యం ముందా అన్న వివాదంలో వారు దూరమైనారు. 1895లో ఆగర్కర్ మరణించేనాటికి పాత సాన్నిహిత్యం మిగలలేదు. కాబట్టి కష్టంలో కలిసి ఉండటం స్నేహానికి కడపటి పరీక్ష అనుకోవటం పొరపాటు. ఒకరు కష్టంలోను, ఒకరు సుఖంలోను ఉన్నపుడు స్నేహం ఏమవుతుందన్నదే గట్టి ప్రశ్న. అక్కడ సమానత్వం పోతుంది. లోపలివాడు ఏమి కోరినా వెలుపలివానికి ఆజ్ఞ అవుతుంది. వెలుపలివాడు ఏమి చేసినా లోపలివానికి ఋణమవుతుంది. ఋణము, ఆజ్ఞ అనే ఈ రెండూ స్నేహభాషలోని మాటలు కావు.

ఖాపర్డే ఈ అసమానతను ఇంతకు పూర్వమే ఒకసారి చవిచూశాడు. 1897 డిసెంబరులో కాంగ్రెసు సభ అమరావతిలో జరిగినపుడు ఆహ్వానసంఘాధ్యక్షుడు ఆయనే. ఆ ఏటనే తిలక్ మొదటి రాజద్రోహశిక్ష, 18 నెలలది, అనుభవిస్తున్నాడు. పందిళ్ళు వేయించి, దేశం నలుమూలల నుండి వచ్చినవారికి భోజనాలు పెట్టించి, స్వాగతం చెప్పవలసిన మనిషి ఆయన. సురేంద్రనాథ బెనర్జీ ఆ వేదిక మీద తిలక్‌ను తలచుకొని ఉద్వేగంతో మాట్లాడాడు. సభ అంతా కదిలింది. కాని సభ కదలటం వేరు, గృహస్థు అతిథులను సాగనంపిన తరువాత ఖాళీ పందిటిలో ఒంటరిగా నిలవటం వేరు. సభకు దుఃఖం ఒక తీర్మానంతో తీరుతుంది.

1908లో ఖాపర్డే ఓడ ఎక్కటానికి ఈ భేదం తెలిసి ఉండటమే కారణమని భావించవచ్చు. ఆయన వకీలు, వకీలుకు తెలిసిన మార్గం అప్పీలు. పైకోర్టు తలుపు తట్టటం ఆశ ఉన్నందువల్లనే కాదు. తట్టకుండా ఉండలేనందువల్ల కూడా. నిష్ఫలమైన ప్రయత్నానికి విలువ ఉన్నదా అని లౌకికులు అడుగుతారు. దీనికి సమాధానం ఆ ప్రయత్నం ఎవరి కోసం జరిగినదన్న దానిని బట్టి ఉంటుంది. విడుదల కోసమే అయితే అది వట్టిపోయింది. కాని లోపల ఉన్న మనిషికి ఒక సంగతి తెలిసింది: తన కొరకు ఒకడు కచేరీలో సంపాదన, ఇంట భార్యాబిడ్డలు, అలవాటైన భోగం అన్నీ విడిచి, చలిదేశంలో గదులు అద్దెకు తీసుకొని తిరుగుతున్నాడని. ఖైదీకి శిక్షకంటె కఠినమైనది తాను లేకుండానే లోకం నిండుగా ఉన్నదన్న ఊహ. తన లేమి మరొకని జీవితంలో ఒక ఖాళీగా కనిపిస్తున్నదని తెలియటం ఆ ఊహకు మందు. ఇంతకుమించి వెలుపలివాడు ఇవ్వగలిగినది ఏమీ లేదేమో.

అయినా ఇక్కడ ఒక సంగతి మరవరాదు. మాండలేలో తిలక్‌కు దినదినమూ తోడుగా ఉన్నది ఖాపర్డే కాదు, ఏ దేశనాయకుడూ కాదు. వంటకై నియమింపబడిన మహారాష్ట్రపు ఖైదీ ఒకడు. ఎండకు ధూళికి చలికి అడ్డులేని ఆ కొయ్య పంజరం వంటి ఇంటిలో, మధుమేహంతో బాధపడుతున్న మనిషికి పథ్యం వండిపెట్టినవాడు అతడు. ఎన్నుకొని చేసిన స్నేహం సముద్రం ఆవల ఉండగా, ఎన్నుకోని సహవాసం గిన్నెలో గంజి పోసింది. స్నేహాన్ని గురించి గొప్పగా వ్రాసేవారు ఇట్టివానికి పేరైనా పెట్టరు.

ఇక ఉత్తరాల సంగతి. అవి లెక్కపెట్టి అనుమతించినవి. అధికారులు చదివి పంపినవి. ఇంటి వ్యవహారాలు, పుస్తకాల జాబితాలు మేనల్లుడు ధోండోపంత్ విద్వాంసు ద్వారా నడిచాయి. పుస్తకాలు మాత్రం చాలా చేరాయి. వాటి సాయంతో ఆయన జర్మను, ఫ్రెంచి, పాలీ భాషలు నేర్చుకున్నాడు. దుఃఖవార్తలు కూడా ఆ దారినే పోవలసి ఉన్నది. 1912 జూన్ 7న పుణేలో ఆయన భార్య సత్యభామాబాయి మరణించింది. అటువంటి వార్తను చెరసాలకు పంపవలెనా? పంపితే, ఏడ్వటానికి తోడు లేని చోట ఒకనిని ఏడ్పించినట్లు. పంపకపోతే, అతని జీవితం అతనికి తెలియకుండా జరిగిపోయినట్లు. దయతో దాచేవారు లోపలివానిని పసిబిడ్డగా భావిస్తారు; పెద్దమనిషిగా ఎంచేవారు కఠినులవుతారు. కఠినత్వమే ఇక్కడ మర్యాద. శిక్ష విధించిన ప్రభుత్వం అతని కదలికలను మాత్రమే తీసుకున్నది. దుఃఖపడే హక్కును తీసుకోలేదు. మిత్రులు దానిని తీసుకోరాదు.

అసలు చిక్కు విడుదల షరతుల వద్ద వస్తుంది. ప్రేమించేవానికి ఒకే కోరిక: అతడు బయటికి రావలెను. ఎట్లా వచ్చినా సరే. ఒక కాగితం మీద సంతకమే అడ్డమైతే, ఆ సంతకం ఎంత చిన్నది! వెలుపలి మిత్రులలో కొందరికి షరతులతో కూడిన విడుదల ఆలోచన వచ్చింది. తిలక్ ఒప్పుకోలేదు. రాజకీయజీవితాన్ని వదులుకొని స్వజనుల నడుమ శవం వలె తిరగటం ఆయనకు సమ్మతం కాలేదు. ఈ నిరాకరణను మొండితనంగా చెప్పటానికి వీలులేదు. 1898లో, మాక్స్‌ముల్లర్, విలియం హంటర్ వంటివారు సంతకాలు చేసిన విజ్ఞప్తి మీద ప్రభుత్వం ఆయనను 6 నెలల ముందుగా విడిచినపుడు, కొన్ని షరతులకు ఆయన సమ్మతించినాడు కదా. మరల శిక్షపడితే ఆ 6 నెలలు కలుస్తాయన్నది వాటిలో ఒకటి. అది ఆయన దేహానికి సంబంధించిన బేరం. రెండవసారి అడిగినది వేరు. ఏ పని కోసం జైలుకు వచ్చాడో ఆ పనినే వదులుకోమన్నారు. ఒకే మనిషి ఒకసారి ఔనని, ఒకసారి కాదని అన్నాడు. రెండు మాటలూ ఒకే కొలబద్ద నుండి వచ్చాయి.

అయితే ఇక్కడ ప్రశ్న తిలక్‌ది కాదు, ప్రేమించేవారిది. లోపలివానిని వంగమని అడిగే హక్కు ప్రేమకు ఉన్నదా? దీనికి మరొక జీవితం సాక్ష్యం చెబుతుంది. మాధవరావు సప్రే హిందీ సాహిత్యంలో తొలితరం పత్రికాకారుడు. మాతృభాష మరాఠీ, జీవితాన్ని ఇచ్చినది హిందీకి. 1900లో పేండ్రా అనే మారుమూల ఊరి నుండి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ నడిపాడు. 1907లో నాగపూరు నుండి ‘హిందీ కేసరి’ ప్రారంభించి తిలక్ మాటను హిందీ పాఠకులకు అందించాడు. 1908 ఆగస్టులో, తిలక్ శిక్షపడిన నెలకే, ఆయననూ రాజద్రోహం కింద పట్టుకున్నారు. ఆయన వెనుకాడేవాడు కాదు. కాని అన్నగారు జైలుకు వచ్చి, క్షమాపణ పత్రంపై సంతకం చేయకుంటే ప్రాణం తీసుకుంటానని పట్టుబట్టాడు. కుటుంబాన్ని మోసిన అన్న, తండ్రి వంటివాడు. సప్రే సంతకం చేశాడు. కొద్ది నెలలలోనే బయటికి వచ్చాడు.

ఆ అన్నను నిందించటం సులభం. అతడు దుష్టుడు కాడు. తమ్ముని మీద ప్రేమ తప్ప అతని చేతిలో వేరే ఆయుధం లేదు. కాని ప్రభుత్వం బెదిరించి సాధించలేనిదానిని అతడు ఏడ్చి సాధించాడు. ప్రభుత్వమైతే తమ్ముని దేహాన్ని కొంతకాలం బంధించి విడిచిపెట్టేది. ప్రేమ మాత్రం అతనిని ఇంటికి తెచ్చి, బ్రతికి ఉన్నన్నాళ్ళు తనను తాను క్షమించుకోలేనివానిగా చేసింది. విడుదలైన సప్రేకు లోకం ఎదుట నిలిచే ముఖం లేకపోయింది. వార్ధా సమీపాన హనుమాన్‌గఢ్‌లో రామదాసి సంప్రదాయపు గురువు నాశ్రయించాడు. కొంతకాలం మధూకరం ఎత్తుకొని బ్రతికాడు. సమర్థ రామదాసు ‘దాసబోధ’ను హిందీలోకి అనువదించాడు. వెలుపల ఉంటూనే చెర అనుభవించిన మనిషి ఆయన. తిలక్ మాండలేలో 6 ఏండ్లు ఉన్నాడు. సప్రే శిక్షకు తేదీ లేదు.

తరువాత జరిగినది సాహిత్యచరిత్రలో ఒక చిన్న వాక్యంగా కనిపిస్తుంది. 1910-11 శీతకాలంలో తిలక్ చెరలో పెన్సిలుతో వ్రాసిన ‘గీతారహస్యం’ వ్రాతప్రతిని ప్రభుత్వం వెంటనే ఇవ్వలేదు. విడుదలైన కొన్నాళ్ళకు ఇచ్చింది. 1915లో మరాఠీలో అచ్చయింది. దానిని హిందీలోకి అనువదించినవాడు మాధవరావు సప్రే. తిలక్ జీవించి ఉండగానే ఆ అనువాదం వెలువడింది. కర్మను విడువరాదని, ఫలాన్ని కోరక పనిచేస్తూనే ఉండవలెనని వాదించే ఆ పెద్ద గ్రంథాన్ని, పని నడుమ పెన్ను క్రింద పెట్టి సంతకం చేసి వచ్చినవాడు వాక్యం వాక్యం తన భాషలో తిరిగి వ్రాశాడు. అనువాదకుని పని గుమాస్తా పని అనుకునేవారు ఈ ఒక్క సంగతిని ఆలోచించవలెను. ప్రతి పుటలోను మూలకర్త తననే అడుగుతున్నట్లు ఉండి ఉండదా?

ఇది ప్రాయశ్చిత్తమా? ప్రాయశ్చిత్తమనే మాటను తొందరపడి వాడటం మంచిది కాదు. అనువాదంతో సంతకం చెరగదు. చెరిగినదని సప్రే కూడా తలచినట్లు లేదు. కాని మరొక కోణం ఉన్నది. ఒడిలిపోయిన మనిషి చేతికి తన గ్రంథం పోవటాన్ని తిలక్ అడ్డగించలేదు. తాను వంగనివాడు వంగినవానిని దూరంగా పెట్టటం లోకసహజం. స్థిరంగా నిలిచినవారిలో చాలామందికి ఆ గర్వం ఉంటుంది, వారి త్యాగాన్ని చేదు చేసేది కూడా అదే. ఇక్కడ అది జరుగలేదు. చెర అనుభవించిన మిత్రుని పట్ల వెలుపలివారి ధర్మాన్ని గురించి అందరూ మాట్లాడతారు. వెలుపలివారి పట్ల చెర అనుభవించినవాని ధర్మం కూడా ఒకటి ఉన్నది. అది వారి బలహీనతను లెక్క అడగకపోవటం.

ఖాపర్డే విషయంలోనూ ఈ లెక్క అడిగినవారు లేకపోలేదు. మాండలే నుండి ఆయన నవంబరు 5న అమరావతి చేరాడు. డిసెంబరులోనే షిర్డీ వెళ్ళాడు. మరల 1911 డిసెంబరు నుండి 1912 మార్చి వరకు అక్కడ సాయిబాబా సన్నిధిలో ఉన్నాడు. ఆనాటి దినచర్య ఆయన వ్రాసుకున్నది అచ్చులో ఉన్నది. ఉదయం ప్రార్థన, మసీదు వద్ద దర్శనం, వేదాంత గ్రంథ పఠనం, రాత్రి భజన. మిత్రుడు ఇనుప తలుపు వెనుక ఉండగా ఈ మనిషి ఒక పల్లెలో హారతులు చూస్తూ మూడు నెలలు గడపటమేమి? దేశం నుండి, మిత్రుని నుండి పారిపోవటం కాదా? ఇట్లా అడగటం న్యాయంగానే కనిపిస్తుంది. కాని రెండేండ్లు తలుపులు తట్టి తట్టి అరచేయి వాచినవాడు, తెరవవలసిన అవసరం లేని ఒక వాకిటి ముందు కూర్చున్నాడంటే దానిని పలాయనమనగలమా? నిర్బంధంలో ఉన్న తిలక్ కర్మయోగం వ్రాస్తున్నాడు. స్వేచ్ఛగా ఉన్న ఖాపర్డే చేయగలిగిన కర్మ ఏదీ మిగలక చేతులు కట్టుకొని కూర్చున్నాడు. చెరసాల ఎవరిది అని అడగాలనిపించే స్థితి ఇది. నిరంతరం దుఃఖపడుతూ ఉండటమే స్నేహధర్మమైతే, ఏ స్నేహమూ 6 ఏండ్లు బ్రతకదు. మిత్రుడు తిరిగి వచ్చేనాటికి అతనిని ఎదుర్కొనటానికి మనిషిగా మిగిలి ఉండటం కూడా వెలుపలివాని పనులలో ఒకటి. ఖాపర్డే మిగిలి ఉన్నాడు. తిలక్ వచ్చిన తరువాత మరల ఆయన ప్రక్కనే పనిలోకి దిగాడు.

1925లో సుభాష్ చంద్ర బోసును అదే మాండలేకు పంపారు. అక్కడి నుండి ఆయన, తిలక్ అనుచరుడైన నరసింహ చింతామణి కేల్కర్‌కు ఒక జాబు వ్రాశాడు. తిలక్ ఉన్న చోటును చూచి, ఆ కొయ్య ఊచల వెనుక వేసవిని, శీతాన్ని తానూ అనుభవించి, అన్నేండ్లు ఒక పెద్దవయస్కుడు అక్కడ ఎట్లా నిలిచి అంత గ్రంథం వ్రాశాడా అని ఆశ్చర్యపడ్డాడు. తిలక్ మరణించి అప్పటికి 5 ఏండ్లు. వెలుపల ఉన్న మిత్రులు ఎంత ప్రేమించినా తెలుసుకోలేని సంగతిని, ఆయనతో అట్టి చిరకాల స్నేహం లేని ఒక యువకుడు అదే గోడల మధ్య కూర్చొని తెలుసుకున్నాడు. ఆ జాబు చదివిన కేల్కర్‌కు ఏమనిపించి ఉంటుంది! ‘కేసరి’ భారాన్ని మోస్తూ ఆ 6 ఏండ్లు పుణేలో ఉన్నవాడు ఆయన.

1914 జూన్ 16 రాత్రి పోలీసులు తిలక్‌ను రహస్యంగా తెచ్చి పుణేలో ఆయన ఇంటి ముందు దింపి వెళ్ళారు. ముందుగా ఎవరికీ తెలియదు. ద్వారం వద్ద కాపలావాడు ఆయనను గుర్తుపట్టలేదని, ఎవరు నీవని అడిగాడని చెప్పుకుంటారు. తెల్లవారేసరికి వీధి నిండిపోయింది. దూరపు ఊళ్ళకు తంతి వార్తలు పోయాయి. ఆ వచ్చినవారందరూ వెళ్ళిన తరువాత, సత్యభామాబాయి లేని ఆ ఇంటిలో ఆయన మాండలే నుండి తెచ్చుకున్న పుస్తకాల పెట్టెలను ఒక్కొక్కటిగా విప్పవలసి ఉన్నది.